వడ్రంగి పిట్ట

పొద్దున్నే తోటలో టకటకమని చప్పుడు వినిపిస్తుంది. ఎవరో మేకు కొడుతున్నట్టే ఉంటుంది. వెళ్లి చూస్తే మనిషి ఉండడు. మాను మీద ఒక పిట్ట ఉంటుంది. అదే వడ్రంగి పిట్ట. దాని ముక్కే దానికి ఉలి.

వీటిలో చాలా రకాలున్నాయి. మన తోటల్లో తరచుగా కనిపించేది బంగారు వీపు వడ్రంగి పిట్ట. గోరింక కన్నా పెద్దది. ముక్కు నుంచి తోక దాకా జానెడు కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది. వీపు పసుపు బంగారం రంగు. నడుము, తోక నలుపు. పొట్ట తెలుపు, దాని మీద నల్లని గీతలు. నెత్తి మీద ఎర్రని జుట్టు. మగదానికి నెత్తి అంతా ఎరుపే. ఆడదానికి ముందు భాగం నలుపు, దాని మీద తెల్ల చుక్కలు. వెనక మాత్రమే ఎరుపు.

నిలువు మాను మీద ఇది జారిపోకుండా ఎట్లా ఉంటుంది? దాని కాలివేళ్లు రెండు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి. తోక ఈకలు బిరుసుగా ఉంటాయి. ఆ తోకను మానుకు ఆనించి కూర్చుంటుంది.

దీని తిండి ఎక్కువగా చీమలు, పురుగులు. బెరడు మీద ముక్కుతో కొడుతుంది. పురుగు చేసిన సందు దొరికితే నాలుక లోపలికి పంపుతుంది. నాలుక పొడుగు, జిగురుగా ఉంటుంది. పురుగు దానికి అంటుకుని బయటికి వస్తుంది.

చెట్టును పాడు చేస్తుందని కొందరు దీని మీద రాళ్లు వేస్తారు. పాపం, చెట్టులో పురుగు చేరింది దీని వల్ల కాదు. పురుగు ఉందనే ఇది వచ్చింది. పైగా ఈ పిట్టను పట్టినా, చంపినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

గూడు కూడా మానులోనే. చచ్చిన మానులో, మెత్తబడిన చోట గుండ్రంగా తొర్ర తొలుస్తుంది. అందులో రెండు మూడు తెల్లని గుడ్లు పెడుతుంది. ఆడది, మగది రెండూ పొదుగుతాయి. పిల్లలకు రెండూ మేత తెస్తాయి.

ఎండిన మాను కనిపిస్తే వంట చెరకుకు కొట్టుకొస్తాం. పొయ్యి వెలగాలి కదా! అయితే ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఇది గుడ్లు పెట్టే కాలం. మాను మీద గుండ్రని తొర్ర ఉందా, పిట్టలు వచ్చి పోతున్నాయా చూడాలి. ఉంటే ఆ మానును వదిలి, పక్కన రాలిన కొమ్మలు ఏరుకోవచ్చు. గుడ్లు 11 రోజులకు పగులుతాయి. తర్వాత 20 రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి. అంటే సుమారు నెల రోజులు.

ఆ తర్వాత కూడా తొర్ర ఖాళీగా ఉండదు.  ఇట్లాంటి పాత తొర్రల్లో గోరింకలు, చిలకలు కూడా గుడ్లు పెట్టుకుంటాయి.