భాగ్యరెడ్డివర్మ కృషిలో అహింసాదృష్టి

పతంజలి చెప్పిన యమములలో మొదటిది అహింస. వ్యాసభాష్యము దానిని సర్వభూతములయెడ ద్రోహచింత లేకుండుటగా వివరించినది. చంపకుండుట అందొక భాగము మాత్రమే. ఈ విశాలార్థము తెలంగాణ సంఘసంస్కర్త భాగ్యరెడ్డివర్మ (1888–1939) కృషియందు ఆచరణరూపము దాల్చినది.

1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన వర్మ, దేవతల పేర జరుగు జంతుబలులను ఖండించెను. 1931లో వెలువడిన ‘భాగ్యనగర్’ పత్రికలో ‘వెట్టిమాదిగ’ అను రచనను ప్రకటించెను. వెట్టి యనగా కూలి లేక చేయించుకొను చాకిరి. రక్తము చిందకున్నను అది ద్రోహమే; భాష్యకారుని నిర్వచనమును బట్టి హింసయే. బలిపశువుపై కనికరము చూపి వెట్టివానిని ఉపేక్షించిన అహింస అసంపూర్ణము. ఈ రెంటిని ఏకకాలమున పట్టించుకొనుట వర్మ విశిష్టత. అహింసను జీవకారుణ్యమునకే పరిమితము చేయు వ్యాఖ్యలను ఈ దృష్టితో పునఃపరిశీలింపవలసియున్నది.