లినక్స్ : అందరి సొత్తు

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చేయలేదు. మీట నొక్కితే అక్షరం తెరపై కనిపించాలన్నా, వ్రాసినది భద్రపడాలన్నా, అది కాగితంపై అచ్చు కావాలన్నా మనిషికీ యంత్రానికీ నడుమ ఒక మధ్యవర్తి అవసరం. ఆ మధ్యవర్తినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దానిని కూడా మనుషులే వ్రాస్తారు. మనిషి చదవగలిగే రూపంలో ఉన్న ఆ రచనకు సోర్సు కోడ్ అని పేరు. తెలుగులో మూలపాఠం అనవచ్చు. కంపైలర్ అనే సాధనం ఆ మూలపాఠాన్ని యంత్రం గ్రహించే అంకెలుగా మారుస్తుంది. అలా మారిన రూపాన్ని యంత్రం నడపగలదు గాని, దానిని చదివి దోషమెక్కడ ఉన్నదో కనుగొనడం మనిషికి మిక్కిలి కష్టం. మూలపాఠం ఎవరి చేతిలో ఉండాలి అన్న వివాదం నుండే లినక్స్ పుట్టింది.

1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించారు. ఆ పరిశోధనశాలను నడిపిన టెలిఫోను సంస్థ, ప్రభుత్వంతో 1956లో కుదిరిన ఒప్పందం వల్ల కంప్యూటరు వ్యాపారం చేయడానికి వీలు లేకపోయింది. అందువల్ల యునిక్స్‌ను మూలపాఠంతో సహా స్వల్ప రుసుముకే విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఆ మూలపాఠం ఆరవ కూర్పును పంక్తుల సంఖ్యలతో అచ్చు వేయించి, తన విద్యార్థుల కోసం దానికి వ్యాఖ్యానం రచించాడు. కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి చేసిన పని వంటిదే ఇది. అయితే 1979లో వెలువడిన ఏడవ కూర్పుతో నిబంధనలు మారిపోయాయి. మూలపాఠాన్ని తరగతిలో బోధించరాదన్నారు. లయన్స్ వ్యాఖ్యానం నకలుకు నకలుగా, అక్షరాలు మసకబారిన కాగితాలపై రహస్యంగా చేతులు మారింది. అది అందరూ కొనుక్కోగల పుస్తకంగా వెలువడినది 1996లో మాత్రమే. తాళపత్ర గ్రంథాలకు చెదలు శత్రువైతే, ఈ గ్రంథానికి నిబంధనలే చెదలయ్యాయి.

ఇదే కాలంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఒక చిన్న చిక్కు ఎదురైంది. ఆయన పనిచేసే ప్రయోగశాలలోని ముద్రణ యంత్రంలో తరచు కాగితం ఇరుక్కునేది. పాత యంత్రం మూలపాఠం చేతిలో ఉండడం వల్ల, కాగితం ఇరుక్కోగానే నిరీక్షిస్తున్న వారందరి తెరలపై హెచ్చరిక కనిపించేటట్లు ఆయన దానిని సవరించి ఉన్నాడు. 1980 ప్రాంతంలో వచ్చిన కొత్త యంత్రానికి మూలపాఠం ఇవ్వలేదు. అది తన వద్ద ఉన్న మరో విశ్వవిద్యాలయ పరిశోధకుడిని స్వయంగా అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానని అతడు నిరాకరించాడు. తోటి విద్వాంసునికి సాయపడనని మాట ఇవ్వడం స్టాల్‌మన్‌కు ద్రోహంగా తోచింది. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా వ్యవస్థను నిర్మించనున్నట్లు ప్రకటించి, మరుసటి జనవరిలో ఉద్యోగం వదులుకున్నాడు.

కంపైలర్ మొదలుకొని అనేక సాధనాలు గ్నూ పథకంలో సిద్ధమయ్యాయి. అయినా వాటన్నిటికంటె దూరం ప్రయాణించినది 1989లో వెలువడిన జీపీఎల్ అనే లైసెన్సు. రచనను ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, సవరించవచ్చు, ఇతరులకు పంచవచ్చు. కాని పంచేటప్పుడు మూలపాఠాన్నీ, ఇవే హక్కులనూ అందుకొనేవారికి ఇచ్చి తీరాలి. ఇతరులను అడ్డగించడానికి ఉపయోగపడుతూ వచ్చిన గ్రంథస్వామ్య చట్టాన్నే, ఎవరూ అడ్డగించకుండా చేయడానికి ఆయన ఉపయోగించాడు. ఆంగ్లంలో ఉచితానికీ స్వేచ్ఛకూ ‘ఫ్రీ’ అన్నది ఒకే మాట కావడంతో ఆయన దశాబ్దాలుగా వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు.

ఇంత చేసినా యంత్ర భాగాలతో నేరుగా వ్యవహరించే కెర్నెల్ అనే కేంద్ర భాగం గ్నూలో పూర్తి కాలేదు. ఆ లోటును తీర్చినవాడు ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్. యునిక్స్ మూలపాఠం బోధించడానికి వీలు లేకపోవడంతో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడు విద్యార్థుల కోసం 1987లో మినిక్స్ అనే చిన్న వ్యవస్థను వ్రాశాడు. దానితో తృప్తి చెందని టోర్వాల్డ్స్, 1991లో కొన్న కంప్యూటరుపై సొంతంగా ఒక కెర్నెల్ వ్రాయసాగాడు. ఆగస్టు 25న మినిక్స్ వాడుకరులకు ఆ సంగతి తెలియజేస్తూ ఇది సరదాకు చేస్తున్నదే తప్ప పెద్దది కాబోదన్నాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. సెప్టెంబరులో వెలువడిన మొదటి కూర్పు సుమారు 10,000 పంక్తులు.

మొదట అతడు తన రచనను సొమ్ము తీసుకొని పంచరాదని నియమం పెట్టాడు. 1992లో దానిని తొలగించి జీపీఎల్‌ను స్వీకరించాడు. ఈ నిర్ణయమే లేకుంటే లినక్స్ కొందరి వ్యాసంగంగా మిగిలిపోయేదేమో! కెర్నెల్‌కు గ్నూ సాధనాలు తోడు కాగా వ్యవస్థ సంపూర్ణమైంది. 1993లోనే స్లాక్‌వేర్, డెబియన్ వంటి పంపిణీలు ఆరంభమయ్యాయి. అయితే లోకం లినక్స్ పేరునే పట్టుకొన్నది. దానిని గ్నూ/లినక్స్ అనాలని స్టాల్‌మన్ పట్టుబట్టాడు; పడిన శ్రమను చూస్తే ఆ కోరిక అన్యాయమైనది కాదు.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని 2005లో లినక్స్ రచయితలకే అనుభవమైంది. వేలాది సవరణలను క్రమబద్ధం చేయడానికి వారు వాడుతున్న ఒక సాధనం ఉచితమే గాని దాని మూలపాఠం యజమాని వద్దనే ఉండేది. వివాదం రాగా యజమాని ఆ ఉచిత సౌకర్యాన్ని ఉపసంహరించుకొన్నాడు. టోర్వాల్డ్స్ కొద్ది రోజులలోనే గిట్ అనే మరో సాధనం వ్రాసి, దానిని అందరికీ వదిలిపెట్టాడు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను నుండి నేటి వరకు ఆ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని 500 అతివేగ కంప్యూటర్లూ లినక్స్‌పైనే నడుస్తున్నాయి.

తెలుగు అక్షరం ఈ వ్యవస్థలోకి వచ్చినదీ ఇదే మార్గంలో. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు జీపీఎల్ కింద విడుదలై డెబియన్‌లో చేరాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థలో విద్యార్థులు, ఉద్యోగులు తీరిక వేళల్లో తెరపై కనిపించే మాటలను తెనిగించారు. ఇటువంటి అనువాదాలలో కొన్నిచోట్ల ‘ఫైలు’కు బదులు రెవెన్యూ కచేరీల నాటి ‘దస్త్రం’ మళ్లీ వాడుకకు వచ్చింది. ఫైలు అనే అలవాటైన మాటనే ఉంచాలన్నవారూ ఉన్నారు. మూలపాఠం అందరి చేతిలో ఉన్నది గనుక ఆ మాట నచ్చనివారు దానిని దిద్ది, దిద్దుబాటును తిరిగి పంపుతూనే ఉన్నారు.