తెల్ల కారుకు గీత పడితే: చేయవలసినవి, చేయకూడనివి

ఆమదాలవలస చుట్టుపక్కల తిరిగే తెల్ల కారుకు గీతలు తప్పవు. పల్లె దారుల్లో రోడ్డు మీదికి వంగిన సర్కారు తుమ్మ కంపలు, ఇసుక లారీ వెనకాల వెళ్తే ఎగిరొచ్చే రేణువులు, ఇరుకు సందుల్లో రాసుకుపోయే సైకిల్ హ్యాండిళ్లు. గీత కనబడగానే పాలిష్ డబ్బా కొనుక్కొచ్చి రుద్దడం మామూలే. నల్ల కారైతే రుద్దుడు ఎక్కువైనా తక్కువైనా అక్కడికక్కడే తెలుస్తుంది. తెల్ల కారు గీత పోయిందో లేదో తేలనివ్వదు, పెయింట్ ఎంత అరిగిందో కూడా బయటపెట్టదు. అందుకే అసలు గీత కన్నా, పోలేదేమోనని మళ్లీ మళ్లీ రుద్దిన చెయ్యి చేసే నష్టమే ఎక్కువ.

రుద్దే ముందు

బండిని నీడలో పెట్టి షాంపూ నీళ్లతో కడగండి, పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ కింద ఒక్క ఇసుక రేణువు మిగిలినా పది కొత్త గీతలు గీస్తుంది. తెల్ల రంగు నల్లదానంత వేడెక్కదు కదా అని ఎండలోనే పని కానిచ్చేసేవాళ్లున్నారు. వద్దు. రేకు మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి. లేకపోతే పాలిష్ పని చెయ్యకముందే ఎండి గట్టిపడుతుంది. పైగా తెల్ల బానెట్ మీంచి కళ్లలోకి కొట్టే ఆ వెలుగులో సన్నగీత ఏదీ కనబడదు. నీడలో ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి చూడండి. లేదా ట్యూబ్‌లైటు కింద నిలిపితే, దాని ప్రతిబింబం అంచు ఎక్కడ చెదిరిందో అక్కడ గీత ఉన్నట్టు.

తర్వాత గీతకు అడ్డంగా గోరు లాగండి. గోరు జారిపోతే పాలిష్‌తో పోయే గీతే. గోరు తట్టుకుంటే అక్కడితో ఆపేయండి. టింకరింగ్ షాపుకు తీసుకెళ్లినా "గోరు దిగితే ఇంకేటి పాలిష్ సేస్తాం బాబూ, రంగే ఎయ్యాల" అనే మాటే వినాలి. ఆ మాట నిజం. పాలిష్ గీతను పూడ్చదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. రేకు మీద ప్రైమర్, దాని మీద తెల్ల రంగు, ఆ పైన రంగులేని క్లియర్‌కోట్ అన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింట్ మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మనం అరగదీయగల క్లియర్‌కోట్ వాటా సాధారణంగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన.

క్లియర్‌కోట్ ఉందో లేదో ముందే తేల్చుకోండి. పాత అంబాసిడర్లకూ, బయట చవగ్గా రంగు వేయించిన బండ్లకూ ఆ పొర ఉండకపోవచ్చు. కనబడని మూలలో నల్ల గుడ్డకు పాలిష్ రాసి కాస్త రుద్దితే, క్లియర్‌కోట్ లేని చోట తెల్ల రంగే గుడ్డకు అంటుతుంది. పాలిష్ కూడా తెల్లదైతే ఈ పరీక్ష మోసం చేస్తుంది, రంగున్న పాలిష్ వాడాలి. ముత్యపు తెలుపు బండి అయితే మరీ జాగ్రత్త. అక్కడ రంగుకూ క్లియర్‌కోట్‌కూ మధ్య మెరుపు పొర ఒకటుంటుంది. అది అరిగితే ఆ మచ్చ ఒక్కటే సరిచేయడం కుదరదు, మొత్తం తలుపుకు రంగు వేయాల్సి వస్తుంది.

స్టేషన్ దగ్గర నిలిపే బండ్లకు

మన ఆమదాలవలస స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. హౌరా–చెన్నై ప్రధాన లైను మీద ఉంది. రైలు బ్రేకులు, చక్రాలు, పట్టాలు రాసుకున్నప్పుడు సన్నటి ఇనుప రజను లేస్తుంది. అది కార్ల మీద వాలి, అంటుకుని, తుప్పు పడుతుంది. కారు సొంత బ్రేకుల నుంచి కూడా కొంత వస్తుంది. ఏ రంగు బండి మీదైనా పడేదే, తెల్లదాని మీద నారింజ చుక్కలై కనబడుతుంది. వీటి మీద పాలిష్ రుద్దకండి, ఆ ఇనుప రజనే గుడ్డతో పాటు తిరిగి గీతలు గీస్తుంది. ఇనుప మరకలు తీసే స్ప్రే దొరుకుతుంది. నీడలో కొట్టి, ఊదారంగులో కారుతుండగా, ఎండిపోనివ్వకుండా కడిగేయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, వాసన ఘాటుగానే ఉంటుంది.

బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. తెల్లదనం కోసమని యాసిడ్‌తో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన షెడ్డులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మెషీన్, కరెంటు

చేత్తో రుద్దితే చెడిపోవడానికి సమయం పడుతుంది, మెషీన్‌తో క్షణాలు చాలు. నాలుగంగుళాల గ్రైండర్‌కు స్పాంజి బిగించి పాలిష్ పట్టడం చూస్తుంటాం. ఆ గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, పాలిషింగ్ మెషీన్లు పనిచేసేది సాధారణంగా 3,000 లోపే. గ్రైండర్ వేగానికి ప్యాడ్ చీలి మొహానికి కొట్టొచ్చు, పెయింట్ కాలి పసుపు తిరగొచ్చు. తువ్వాలు, చున్నీ, విరబోసిన జుట్టు, వదులు చొక్కా చేతులు మెషీన్ దగ్గరికి రానివ్వకండి. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. వైరును భుజం మీంచి వెనక్కి వేసుకోండి.

కడిగిన నేల తడిగానే ఉంటుంది. చెప్పులు లేకుండా, తడి చేత్తో ప్లగ్ ముట్టుకోవద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద పెట్టకుండా ఎత్తులో పెట్టండి. ఎర్త్ ఉన్న ప్లగ్, షాకు కొడితే లైను తెంచే ఆర్సీసీబీ ఉన్నచోటే పని మొదలెట్టండి.

బఠానీ గింజంత పాలిష్ మూడు నాలుగు చుక్కలు, ఒకసారికి రెండడుగుల మేర. తలుపు అంచులు, బానెట్ మడతల దగ్గర పెయింట్ పలచన. అక్కడ టేపు అంటించి, మెషీన్ పోనివ్వకండి. ప్రతి విడత తర్వాత తుడిచి, లైటు పట్టి చూడండి. గీత ముప్పాతిక పోతే చాలు, మిగతాది రెండు గజాల దూరం నుంచి ఎవరికీ కనబడదు.

వంటింటి సామాను, థిన్నర్

స్కాచ్ బ్రైట్, కొబ్బరి పీచు, సబీనా కారు దగ్గరికే రాకూడదు. టూత్‌పేస్ట్ పైపై మరకకు కొంత పనిచేస్తుంది, అందులోనూ అరగదీసే పొడి ఉంటుంది గనక. ఏ పేస్టు ఎంత గరుకో తెలియదు కాబట్టి నేనైతే వాడను. థిన్నర్, పెట్రోలు వద్దు. తిరిగి రంగు వేసిన చోట థిన్నర్ తగిలితే పెయింట్ మెత్తబడి ముడతలు పడుతుంది. ఇంట్లో థిన్నర్ ఉంటే బీడీ, పొయ్యి దాని దరిదాపుల్లో ఉండకూడదు. కూల్‌డ్రింక్ సీసాలో అసలే పోయకండి. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గోరు దిగిన గీతకు హార్డెనర్ కలిపే క్లియర్‌కోట్ తెచ్చి ఇంట్లో కొట్టుకోవడం వద్దు. అందులోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెప్పించగలవు, మొహానికి కట్టుకున్న గుడ్డ వాటిని ఆపదు.

ఒకసారి పాలిష్ పట్టిన చోటే మళ్లీ గీత పడితే, పెయింట్ మందం కొలిచే మీటరున్న షాపుకు ముందు తీసుకెళ్లండి. అదే తలుపు మీద పక్కచోట్ల కన్నా అక్కడ బాగా తక్కువ చూపిస్తే వ్యాక్స్ పూయించి వదిలేయండి. మామూలు మీటరు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. బంపర్ మీద మెషీన్ వద్దు, చేత్తోనే, అదీ రెండు మూడు విడతలకు మించకుండా.