చొక్కా చీటీని పరీక్షించుట ఎట్లు?

గత నెల సంఘ సమావేశము ముగిసిన పిమ్మట ఒక సభ్యుడు తన కుమారునికై పట్టణమున కొన్న చొక్కాను తెచ్చి నా చేతికిచ్చెను. దాని మెడవద్ద వ్రేలాడుచున్న చీటీపై పచ్చని ఆకు బొమ్మయు, 'భూమికి మేలు చేయు వస్త్రము' అను మాటలును గలవు. "అయ్యా, పత్తి పండించువారము మేము. ఈ కంపెనీవారు భూమికి చేసిన మేలేమో మాకు తెలియకున్నది. ఈ మాట నమ్మదగినదేనా?" అని ఆయన యడిగెను.

ఈ ప్రశ్న మనకందరకును సంబంధించినది. ఏలయన మనము వస్త్రమును కొనువారము మాత్రమే కాము. ఆ చీటీలోని మాటకు మూలమైన పత్తిని అమ్మువారము కూడ. చీటీ అబద్ధమైనచో కొన్నవాడు కొన్ని రూపాయలు పోగొట్టుకొనును. నిజాయితీగా పండించిన రైతు తన పంట విలువనే పోగొట్టుకొనును.

శ్రీకాకుళము జిల్లా పొందూరులో ఖద్దరు నేయువారు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రపరచి, చేతితో వడికి, చేతిమగ్గముపై నేయుదురు. అచ్చటికి పోయి చూచినవానికి చీటీతో పనిలేదు. పని యంతయు కంటి యెదుటనే జరుగును. కాని మన పత్తి జిన్నింగు మిల్లునకును, నూలు మిల్లునకును, అద్దకపు కార్ఖానాకును, కుట్టుపని శాలకును పోయి, కొన్నిమార్లు దేశములు దాటి చొక్కా యగును. ఇంత దూరము మన కన్ను పోజాలదు. కావున నాలుగు ప్రశ్నలు వేసి, ప్రతిదానికిని ఋజువు కోరవలెను.

1. పొలము. 'సేంద్రియ పత్తి' యనిన ఏ పొలము, ఏ విత్తనము? మన దేశమున బి.టి. పత్తికి 2002వ సంవత్సరమున అనుమతి లభించెను. నేడు పండు పత్తిలో అత్యధిక భాగమదియే. సేంద్రియ నియమముల ప్రకారము జన్యుమార్పిడి విత్తనములు గాని, రసాయనిక ఎరువులు గాని, కృత్రిమ పురుగుమందులు గాని వాడరాదు. పత్తివంటి ఏకవార్షిక పైరులకు కనీసము 2 సంవత్సరముల పరివర్తన కాలము గడువవలెను. ఆ కాలమున దిగుబడి తగ్గవచ్చును. అయినను పంటను సేంద్రియమను పేరుతో అమ్మరాదు. ఈ నష్టమును భరించువాడు రైతే. కావున కంపెనీ ఏ జిల్లాలో, ఏ రైతుసంఘము వద్ద కొన్నదో, అదనముగా ఎంత ధర యిచ్చినదో, ఎన్ని సంవత్సరములకు ఒప్పందము చేసికొన్నదో అడుగవలెను. పరివర్తన కాలమున రైతునకు తోడ్పడని కంపెనీ, పంట వచ్చిన పిదప భూమిపై ప్రేమను ప్రకటించుటలో అర్థము లేదు.

2. తూకము. కాగితముపై పండు పత్తిని పట్టుకొనుటకు తక్కెడను మించిన సాధనము లేదు. 100 కిలోల గింజపత్తికి సుమారు 33 మొదలు 35 కిలోల దూది వచ్చునని మనమెరుగుదుము. ఒక సంఘమునకు 100 ఎకరములు గలవనియు, ఎకరమునకు 5 క్వింటాళ్లు పండెననియు అనుకొందము. గింజపత్తి 500 క్వింటాళ్లు. దూది సుమారు 170 క్వింటాళ్లు. ఆ సంఘము పేర 400 క్వింటాళ్ల దూది అమ్మినట్లు పత్రములున్నచో, తక్కిన 230 క్వింటాళ్లు ఎవరి పొలమున పండెను?

ఇది ఊహామాత్రము కాదు. 2020వ సంవత్సరమున గాట్స్ అను అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థవారు మన దేశమునకు చెందిన 20,000 టన్నుల పత్తికి దొంగపత్రములు పుట్టినట్లు వెల్లడించిరి. అది దేశపు సేంద్రియ పత్తిలో ఇంచుమించు ఆరవ వంతు. ఆ పత్రములపై ముద్రించిన గుర్తును ఫోనుతో పరీక్షించినచో, ప్రభుత్వ జాలస్థలమును పోలిన దొంగ జాలస్థలము తెరచుకొనుచుండెను! దొంగ సరకు చవుకగా బజారున నిండినచో నిజమైన సేంద్రియ పత్తికి గిట్టుబాటు ధర యెట్లు వచ్చును?

3. నీరు. పొలమున విషము చల్లకపోయినను, అద్దకమున విషము కలియవచ్చును. తమిళనాడులోని తిరుప్పూరు అద్దకపు కార్ఖానాల మురుగునీటిచే నొయ్యల్ నది చెడి, దిగువ రైతుల భూములును బావులును పాడైనవి. రైతులు న్యాయస్థానమున పోరాడిరి. మురుగునీరు బయటకు వదలరాదను ఆజ్ఞను పాటింపనందున, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ కార్ఖానాలను మూయింపుమని ఉత్తరువు చేసెను. కావున 'మీ అద్దకమెక్కడ జరుగును? మురుగునీరు ఎచ్చటికి పోవును?' అని అడుగుట మన హక్కు. రంగు కార్ఖానా పేరు చెప్పని కంపెనీని నమ్మవలసిన పనిలేదు.

4. మనిషి. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకా సమీపమందలి రాణా ప్లాజా అను ఎనిమిదంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు విదేశపు కంపెనీలకు దుస్తులు కుట్టు స్త్రీలు. ముందునాడే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులలోని బ్యాంకును దుకాణములను మూసిరి. కుట్టుపనివారిని మాత్రము మరునాడు లోనికి పంపిరి. అందలి కొన్ని కుట్టుశాలలను అంతకు పూర్వము తనిఖీదారులు పరీక్షించియే యుండిరి. కావున 'తనిఖీ జరిగినది' అనుటతో తృప్తిపడరాదు. కూలి ఎంత, పనిగంటలెన్ని, పనివారికి సంఘము గలదా, అపాయమున్నచో పని నిరాకరించు స్వేచ్ఛ గలదా, యని అడుగవలెను. ఆ విపత్తు పిమ్మట కార్మిక సంఘములును, పెక్కు కంపెనీలును కలిసి చట్టబద్ధమైన భద్రతా ఒప్పందము చేసికొనిరి. వట్టి వాగ్దానమునకును, న్యాయస్థానమున నిలుచు ఒప్పందమునకును గల భేదమిదియే.

ఇక ముద్రల సంగతి. ప్రతి ముద్రయు ఒక్కొక్క విషయమునకే సాక్ష్యము. 2006లో వెలసిన హ్యాండ్లూమ్ మార్కు, వస్త్రము చేతిమగ్గముపై నేసినదని చెప్పును; పత్తి ఎట్లు పండెనో చెప్పదు. ఓయెకో-టెక్స్ స్టాండర్డ్ 100 అను ముద్ర, తయారైన వస్త్రమున హానికర పదార్థములు మితిమీరి లేవని చెప్పును. కూలిని గూర్చి చెప్పదు. గాట్స్ ముద్రలో రెండు తరగతులు గలవు: సేంద్రియ నార నూటికి 95 పాళ్లకు తగ్గనిది ఒకటి, 70 పాళ్లకు తగ్గనిది రెండవది. అద్దకము, మురుగునీరు, పనివారి స్థితి కూడ దాని నియమములలో చేరినవి. దానితోపాటు పరీక్షించిన సంస్థ పేరును, అనుమతి నంబరును ఉండవలెను. ఆ నంబరును చీటీమీది గుర్తుద్వారా గాక, ఆ సంస్థ జాలస్థలమును నేరుగా తెరచి సరిచూడవలెను.

ఏ ముద్రయు లేక 'పచ్చనిది', 'ప్రకృతిహితము' అను మాటలు మాత్రమే వ్రాయువారికి, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నియమములు విధించినది. అట్టి మాటలకు తగిన ఆధారము చూపవలెను.

సంఘ సభ్యులు పాటింపవలసిన పనులు మూడు. మొదటిది, ఎకరములు, విత్తనపు రసీదులు, తూకపు చీటీలు సంఘపు చిట్టాలో ఏటేట వ్రాసి భద్రపరచుట. రెండవది, ఎవరు తెచ్చినను ఖాళీ కాగితముపై సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయకుండుట. ఆ సంతకమే రేపు మన పేర పండని పత్తికి సాక్ష్యమగును. మూడవది, మన సంఘము పేర ఎంత సరకు అమ్ముడుపోయినదో కొనుగోలుదారు వద్ద వ్రాతమూలముగా అడిగి, మన చిట్టాతో సరిచూచుట.

ఆ సభ్యుని చొక్కా చీటీని మరల త్రిప్పి చూచితిని. నంబరు లేదు, పరీక్షించినవారి పేరు లేదు, పత్తి పండిన చోటు లేదు. "అన్నా, చొక్కా గట్టిదే కావచ్చును. చీటీలోని మాటకు మాత్రము ఋజువు లేదు" అని చెప్పితిని. ఆయన చీటీని మడిచి జేబులో నుంచుకొని, ఈమారు పట్టణమునకు పోయినప్పుడు దుకాణదారునే అడిగెదననెను. అట్లు అడుగువారు పదిమందియైనచో దుకాణదారుడు కంపెనీని అడుగక తప్పదు.