విశ్వవిద్యాలయ వ్యాయామ శాఖలో ఉద్యోగము: తల్లిదండ్రులు ఎరుగవలసిన విషయములు

ఆటలయందు ఆసక్తిగల పిల్లల తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “వీడు ఎప్పుడు చూచినను మైదానముననే యుండును. ఈ ఆటలు వీనికి రేపు కూడు పెట్టునా?” అని. పెట్టవచ్చును. అట్లు కూడు పెట్టు కొలువులలో మర్యాదయు, నిలకడయైన జీతమును గలది విశ్వవిద్యాలయ వ్యాయామ శాఖలోని ఉద్యోగము. ఇంజనీరింగునకు, వైద్యమునకు దరఖాస్తు పెట్టు విధము మనలో ఇంటింట తెలియును గాని, ఈ శాఖలో ఎట్లు చేరవలెనో చెప్పువారు మన ఊళ్లలో అరుదు. కావున ఈ సంచికలో ఆ విషయమును కొంత వివరింపదలచితిమి.

విశ్వవిద్యాలయములలో ఆటలతో సంబంధముగల శాఖలు రెండు విధములు. వ్యాయామ విద్యను పాఠ్యవిషయముగా బోధించునది ఒకటి. అందలివారు అసిస్టెంట్ ప్రొఫెసరు మొదలైన అధ్యాపకులు. క్రీడల నిర్వహణము చూచునది రెండవది. అందు డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, అసిస్టెంట్ డైరెక్టరు అను అధికారులుందురు. కళాశాలలలో ఇదే పని చేయువారిని మనము ఫిజికల్ డైరెక్టరు అనుచున్నాము. కళాశాలల నడుమ పోటీలు జరుపుట, వానినుండి విశ్వవిద్యాలయ జట్టును ఎన్నుకొనుట, ఆ జట్టును అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు తీసికొనిపోవుట, మైదానములను కాపాడుట, సామగ్రి కొని లెక్క చెప్పుట వీరి విధులు. ఈల ఊదుటకంటె దస్త్రములు వ్రాయుటయే తమకు ఎక్కువయని ఆ పనిలో నున్నవారు హాస్యమాడుదురు. కోచ్‌ల సంగతి వేరు. వారికి పటియాలాలో 1961లో స్థాపింపబడిన జాతీయ క్రీడా సంస్థవారి డిప్లొమా ముఖ్యము.

మనము స్థిరపడిన ఈ తమిళదేశమునకు వ్యాయామ విద్యతో పాత చుట్టరికము కలదు. 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పెను. అంతకు ముందే వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరమున పిల్లలకు వ్యాయామము నేర్పిరి. ఏనుగును రొమ్ముపై నిలిపిన మల్లుడని ఆయనను తలచువారు మనలో పెక్కండ్రు. శిక్షణ ముగించి బడిలో ఉద్యోగము చేసిన ఉపాధ్యాయుడని తలచువారు తక్కువ. మాకు మాత్రము ఆ రెండవ సంగతియే ఎక్కువ ప్రీతికరము.

ఇక అర్హతలు. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘము 2018లో ప్రకటించిన నిబంధనలలో అసిస్టెంట్ డైరెక్టరు పదవికిని, కళాశాల డైరెక్టరు పదవికిని ఒకే విధమైన అర్హతలు చెప్పబడినవి. వ్యాయామ విద్యలో గాని క్రీడా శాస్త్రమున గాని మాస్టరు పట్టము, అందు నూటికి 55 మార్కులు ఉండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి, వికలాంగులకు 5 మార్కుల సడలింపు కలదు. కళాశాల లేక విశ్వవిద్యాలయము పక్షమున గాని, రాష్ట్ర, జాతీయ పోటీలలో గాని ఆడినట్లు నిదర్శనము ఉండవలెను. నెట్ లేక రాష్ట్ర అర్హతా పరీక్ష ప్యాసు కావలెను. నిర్ణీత షరతుల ప్రకారము పిహెచ్.డి. పొందినవారికి ఆ పరీక్షనుండి మినహాయింపు కలదు. వీనికి తోడు దేహదార్ఢ్య పరీక్షయు కలదు. ఆసియా క్రీడలలోగాని కామన్వెల్తు క్రీడలలోగాని పతకము గెలిచినవారికి వేరొక ద్వారము తెరచిరి. అయితే వారికి సైతము పోస్టుగ్రాడ్యుయేటు చదువు ఉండితీరవలెనని నియమించిరి. ఆటగాడికి చదువెందుకు అనువారు ఈ ఒక్క వాక్యమును రెండుసారులు చదువవలెను.

2025లో ఈ నిబంధనల స్థానమున క్రొత్తవి తెచ్చుటకు ఒక ముసాయిదా వెలువడినది. కావున మీ బిడ్డ దరఖాస్తు పెట్టునాటి ప్రకటనలో ఏమున్నదో అదియే ప్రమాణము. ఏడవ వేతన సంఘము ననుసరించిన స్కేలులో అసిస్టెంట్ డైరెక్టరు ప్రారంభ మూలవేతనము 57,700 రూపాయలు. ఏకమొత్తపు జీతముపై తాత్కాలికముగా నియమించు స్థలములును కలవు. ప్రకటనలో ఆ తేడా చూడక సంతోషించి, చేరిన పిదప దుఃఖించినవారిని మేము ఎరుగుదుము.

ఈ మెట్లను ఎక్కుటకు పట్టు కాలము చూడుడు. పండ్రెండవ తరగతి పిదప మూడేండ్ల డిగ్రీ, రెండేండ్ల బి.పి.ఎడ్., రెండేండ్ల ఎం.పి.ఎడ్. మొత్తము ఏడేండ్లు. బి.పి.ఎడ్. ప్రవేశమునకు డిగ్రీ మార్కులతోపాటు ఆటల సర్టిఫికెట్లును అడుగుదురు. ఎం.పి.ఎడ్.లో బంతి మాత్రమే కాదు. శరీర నిర్మాణ శాస్త్రము, శరీర ధర్మ శాస్త్రము, క్రీడా మనస్తత్వ శాస్త్రము, చలనములను వివరించు బయోమెకానిక్సు చదువవలసి యుండును. నెట్ పరీక్షలో ఈ విషయముల ప్రశ్నలు ఇంగ్లీషున, హిందీలోను మాత్రమే ఇత్తురు. అందుచేత తెలుగు మాధ్యమము విడిచిపెట్టుడని మేము చెప్పము. గుండె కొట్టుకొను తీరు మాతృభాషలో బాగుగ గ్రహించిన బిడ్డ దానిని ఇంగ్లీషున చెప్పుట నేర్చుకొనగలడు. కాని నేర్చుకొనక తప్పదు. అట్లే తమిళము. తమిళనాడు ప్రభుత్వము 2021లో తన నియామక పరీక్షలయందు తమిళ అర్హతా పరీక్షను తప్పనిసరి చేసినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన పిల్లలకు వ్రాతలో ఆ భాష రాకపోవుట మా అభిప్రాయమున సమర్థింపరాని లోపము.

దేహదార్ఢ్య పరీక్ష విషయము. 2018 నిబంధనలలో ముప్పది యేండ్లలోపు పురుషులు 12 నిమిషములలో 1800 మీటర్లు పరుగెత్తియో నడిచియో పూర్తిచేయవలెను. అనగా 400 మీటర్ల ట్రాకుపై నాలుగున్నర చుట్లు. అదే వయస్సు స్త్రీలు 8 నిమిషములలో 1000 మీటర్లు. వయస్సు పెరిగినకొలది దూరము తగ్గును. ముందుగా వైద్యుని ధ్రువపత్రము చూపవలెను. ఇది కఠినమైన పరీక్ష కాదు. అయినను పుస్తకముల ముందు రెండు మూడేండ్లు కూర్చుండి మైదానము మరచినవారు ఇచ్చటనే ఆయాసపడుదురు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వత్తుము. ఈ ఉద్యోగమునకు కావలసిన పత్రములలో సగము పాఠశాలనాటినుండియే పోగగును. వానిలో పేరు తేడా మనవంటి కుటుంబములకు ప్రత్యేకముగా కలుగు చిక్కు. తెలుగువారి ఇండ్లలో పేరునకు ముందుండు అక్షరము ఇంటిపేరిది. తమిళుల ఆచారమున అది తండ్రి పేరిది. ఇంటిపేరు రెడ్డిపల్లి, తండ్రి పేరు నారాయణ అనుకొందము. బడి రిజిస్టరులో ఆ బిడ్డ పేరునకు ముందు “ఎన్” ఉండును. జిల్లా పోటీలకు పోయినప్పుడు మామయ్య దరఖాస్తు నింపి “ఆర్” అని వ్రాయును. ఇక వెంకటేశు ఒక పత్రమున వెంకటేష్, వేరొకదానిలో వెంగటేశన్ అగును. కర్ణాటకమున ఆ అక్షరము పేరునకు వెనుకకు పోవుట కలదు. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుస నడచును. మన బంధువులు ఈ రాష్ట్రములన్నిటను ఉన్నారు గనుక, బదిలీపై పోయిన కుటుంబపు పిల్లలకు మూడు విధములైన పేర్లు ఏర్పడుట వింత కాదు.

పేరు చెప్పక ఒక యువకుని సంగతి చెప్పెదము. అతడు మన విద్యార్థియే. ఎనిమిదివందల మీటర్ల పరుగులో తన విశ్వవిద్యాలయము పక్షమున అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పోయినవాడు. ఎం.పి.ఎడ్.లో మంచి మార్కులు, నెట్ ప్యాసు, వయస్సు ఇరువదియెనిమిది. ఒకచోట పత్రముల తనిఖీనాడు పదవ తరగతి పత్రమున తండ్రి పేరి అక్షరము, క్రీడాపత్రమున ఇంటిపేరి అక్షరము ఉండుట అధికారులు గమనించి, ఇరువురు ఒకరేయని వారము దినములలో ఋజువు తెమ్మనిరి. క్రీడాపత్రముపై సంతకము చేసినవారు అప్పటికి పదవీ విరమణ చేసియుండిరి. నాటి జట్టు పట్టిక వెదకించి నకలు పొందునప్పటికి ఇరువది దినములు గడచెను. ఆ స్థలము వేరొకరికి పోయినది. అడిగినవారు అన్యాయముగా అడుగలేదు, పరుగెత్తినవాడు అబద్ధమాడలేదు. అతడు నేడు ఒక కళాశాలలో ఏకమొత్తపు జీతముపై పని చేయుచు, మరొక ప్రకటనకై ఎదురుచూచుచున్నాడు.

కావున పదవ తరగతి పత్రమున పడిన పేరే, ఆ అక్షరములే, ఆ వరుసయే ప్రతి క్రీడాపత్రమునను పడునట్లు చూడవలెను. ఓడినను పాల్గొన్న పత్రము తీసికొనుడు. దానిపై పోటీ పేరు, జరుపు సంఘము, తేదీ, స్థలము, ఆడిన ఆట, సంతకము, ముద్ర ఉన్నవో లేవో మైదానము విడువకముందే చూడుడు. గోడకు మేకు కొట్టి వ్రేలాడదీసిన పత్రము నాలుగేండ్లలో వెలిసిపోవును. మన పూర్వ విద్యార్థిని ఒకతె బాల్ బ్యాడ్మింటన్ పత్రములన్నియు ఆమె తల్లి బిస్కత్తు డబ్బాలో దాచి యుంచినది. ఆ తల్లికి చదువు రాదు. కుమార్తె దరఖాస్తు నింపుటకు కూర్చున్ననాడు వెదకవలసిన కాగితము ఒక్కటియు లేకపోయెను.

దరఖాస్తు నేడు చాలచోట్ల కంప్యూటరు ద్వారా పంపవలసి యున్నది. కొందరు దాని అచ్చు ప్రతిని పత్రముల నకళ్లతో గడువులోపల తపాలాలో కూడ పంపుమందురు. ఆ రెండవ పని మరచుటవలన త్రోసివేయబడినవి కలవు. ఇప్పటికే కొలువులో నున్నవారు పై అధికారి అనుమతిపత్రము జతపరుపవలెను. భాషాల్పసంఖ్యాకులమైనంత మాత్రమున ఉద్యోగమున ప్రత్యేక కోటా ఉండదు. కులపు రిజర్వేషన్ ఏ రాష్ట్రపు జాబితా ననుసరించి వర్తించునో ముందుగనే విచారింపవలెను. ఆంధ్రదేశమున ఒక జాబితాలోనున్న కులము ఇచ్చట ఆ జాబితాలోనే యుండునని నమ్మరాదు.

పదవ తరగతి విద్యార్థుల నామినల్ రోల్ పైకి పంపకముందు, పేర్ల పట్టికను పాఠశాల ప్రకటన పలకపై వారము దినములు ఉంచెదము. తల్లిదండ్రులు జన్మపత్రము, ఆధారు కార్డు తీసికొని వచ్చి, తమ బిడ్డ పేరు, అక్షరము, పుట్టిన తేదీ స్వయముగా సరిచూచి, ప్రక్కన సంతకము చేసి పోవలెనని కోరుచున్నాము. అదే వారమున వ్యాయామోపాధ్యాయుల వద్ద క్రీడాపత్రములను కూడ ఆ పట్టికతో పోల్చుకొనవచ్చును. దిద్దుబాటు కావలసినచో సంతకము చేసినవారు ఇంకను పదవిలోనుండు దినములలోనే చేయించుకొనవచ్చును.