కొండకు ముందు డాబా

ఉదయగిరి దుర్గం మీద కోనేటి గట్టున ఒక రాత్రి పడుకుంటామని పిల్లలు పట్టుబడితే వెంటనే వద్దనకండి. సరేననీ అనకండి. ముందు మీ డాబా మీద పడుకోబెట్టండి.

అనుమసముద్రంపేట పిల్లలకు ఆరుబయట నిద్ర వింతేమీ కాదు. ఊళ్లోని దర్గాకు వచ్చినవాళ్లు చాప పరుచుకుని రాత్రి గడపడం చూస్తూనే ఉంటారు. కానీ అక్కడ దీపాలుంటాయి, మనుషులుంటారు. కొండ చీకటి వేరు. పగలు ఎంత ధీమాగా మాట్లాడిన పిల్లోడైనా నడిరాత్రి ఆకు కదిలితే మీ చెయ్యి వెతుక్కుంటాడు. అప్పుడు పిరికివాడని నవ్వకండి. ఆ చప్పుడేమిటో ఇద్దరూ కలిసి వినండి.

దోమతెర వాడి చేతే కట్టించండి. నాలుగు అంచులూ చాప కిందకు దోపాలి, వేలు పట్టే సందు కూడా మిగలకూడదు. ఇది దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు కాటు దగ్గర నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. తెల్లారి కడుపునొప్పి అంటూ లేస్తారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. అజీర్తిలే అని సోడా తాగించే అమ్మానాన్నలున్నారు. తాడు బిగించడం, కోయడం వద్దు. పిల్లను నడిపించకుండా 108 పిలిచి ఆసుపత్రికి చేర్చాలి. దుర్గం పైకి ఆ బండి రాదు. అందుకే రాత్రి బస కిందే ఉండాలంటాను.

పైగా ఈ వెలుగొండల్లో ఎర్రచందనం ఉంది. అడవిలో అర్ధరాత్రి టార్చి వెలుగు కనబడితే దొంగలనుకుని అటవీశాఖవాళ్లు ఊరుకోరు. ఎక్కడికి వెళ్లినా ముందే వాళ్లనడగండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. కొండ మీద కురిస్తే కింద ఎండ కాస్తున్నా వాగు వచ్చిపడుతుంది. ఫిబ్రవరి మేలు. కోనేటి మెట్ల మీద పాచి ఉంటుంది, ఈత వచ్చినా సరే పిల్లలను ఒంటరిగా దిగనివ్వకండి.

దుర్గం ఎత్తు దాదాపు 3,000 అడుగులు. గజపతుల నుంచి దాన్ని 1514లో గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలికే ఏడాదిన్నర పట్టింది. మీ అమ్మాయి మధ్యలో నాలుగుసార్లు కూలబడితే విసుక్కోకండి.

ఎక్కే ముందు రాత్రి కింద ఉదయగిరి ఊళ్లోనే పడుకోండి. పిల్లలను నాలుగున్నరకు లేపి, చెప్పులు దులిపి తొడుక్కోమనండి. వెలుగు వచ్చాక ఎక్కడం మొదలుపెట్టండి.