మాజీ సైనికునికి ఇంటివద్దనే వైద్యము

సరిహద్దున పహరా కాచినవాడు ముదిమిలో తన గడప దాటలేని స్థితికి వచ్చినచో అతనికి వైద్యము చేరుట ఎట్లు? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో మాజీ సైనికులు గల కుటుంబములు ఆలోచింపవలసిన ప్రశ్న యిది. పక్షవాతము వచ్చినవానిని బస్సెక్కించి పట్టణమునకు కొనిపోవుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. వారి దినపు కూలి పోవును. తుదకు మందే మానివేయుట సంభవించును.

ఇల్లు చికిత్సకు తగిన స్థలమేనా యను సందేహము సహజము. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము శానిటోరియము 1915లో తెరువబడినది. ఆ దినములలో క్షయరోగికి శానిటోరియమే శరణ్యమని తలచెడివారు. 1956లో మదరాసున ఆరంభమైన పరిశోధనలో కొందరు రోగులకు శానిటోరియమునందు, కొందరికి ఇండ్లలోను ఒకే మందులను ఏడాదిపాటు ఇచ్చి చూచిరి. ఇంటివద్దనున్నవారును దాదాపు అంతే బాగుపడిరి. ఇంటిలోని ఇతరులకు వ్యాధి సోకుటయు అధికము కాలేదు. 1959లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. అయితే ఆరోగ్య సిబ్బంది ఇండ్లకు పోయి, మందు సరిగా వాడుచున్నారా యని చూచుచుండిరి. ఇంటి వైద్యమనగా వైద్యుని దృష్టి ఇంటివరకు వచ్చుటయే గాని, వైద్యము లేకుండుట కాదు.

ఇక మనకున్న ఏర్పాట్లను చూతము. మాజీ సైనికుల ఆరోగ్య పథకము 2003 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. సభ్యుడు, అతని భార్య, ఆధారపడిన తల్లిదండ్రులు పాలీక్లినిక్కులలో చికిత్స పొందవచ్చును. ఇది ప్రభుత్వపు ఉత్తర్వుచే ఏర్పడినదే గాని పార్లమెంటు చేసిన చట్టము కాదు. సైనిక సేవ వలన నూరు శాతము వికలాంగుడైన పింఛనుదారునకు, తోడుమనిషి అవసరమని వైద్యమండలి సిఫారసు చేసినచో, ప్రత్యేక భత్యము లభించును. 2010-11లో ఆరంభమైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమమున మంచము పట్టినవారి ఇండ్లకు వెళ్లి చూచుట యొక భాగము.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ‘పోషణ’ యను మాటలో వైద్యమును గూడ చేర్చినది. ఇంటివద్ద సేవచేయు సంస్థలకు నమోదును, ప్రమాణములను విధించు సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోకసభ ముందుకు వచ్చినను, 2024లో ఆ సభ రద్దగుటతో మురిగిపోయినది. అమెరికాలో మాత్రము 2025 జనవరి 2న యొక చట్టము వచ్చినది. మాజీ సైనికుని ఇంటి సేవకు చేయు వ్యయము, నర్సింగు హోము ఖర్చులో 65 శాతము మించరాదను పరిమితిని అది నూరు శాతమునకు పెంచినది.

ఉత్తర్వు మారవచ్చును, చట్టము హక్కునిచ్చును. అట్టి చట్టమును కోరుటకు మనకు కారణము కలదు. అంతవరకు చేయదగినవి మూడు: పథకపు సభ్యత్వ పత్రమును, పింఛను కాగితములను ఒకచోట భద్రపరచుడు. భత్యము విషయమై జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపుడు. మంచము పట్టిన మాజీ సైనికుని పేరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు సిబ్బందికి తెలుపుడు. ఊరివారు ఈ మాత్రము చేసినచో, దేశమునకు కాపున్నవాడు తన యింట ఒంటరివాడు కాడు.